కరవు కాలములో స్త్రీల కూలి

ఉగాదినాడు మనమందరము పంచాంగ శ్రవణము చేసి, ఆ యేటి వానలెట్లుండునో, పంటలెట్లుండునో తెలిసికొందుము. వానలు తప్పిన యేడు ఇల్లు ఎవరి రెక్కలమీద నడచినదను మాట మాత్రము మన చరిత్రలలో అరుదు. విజయనగర కాలము మొదలు దక్షిణమునకు వచ్చిన తెలుగువారి కథలో సేనానులు గలరు, పాలెగాండ్రు గలరు. ఇంటి ఆడువారి కూలి లెక్క లేదు. ఆ లెక్కను కొంత చూపవలెనని మా ఉద్దేశము.

రాజపాళయమునకు దక్షిణమున, తెన్కాశి బాటమీద, పడమటి కొండల పాదమున సేత్తూరు ఉన్నది. ఈ సీమ సేద్యమునకు వానయు, చెరువులును ఆధారము. నాట్లు, కలుపు, పత్తి యేరుట ఆడువారి పనులు. వాన తప్పినచో మొదట పోవునది ఆ కూలియే.

1876-78 నాటి ధాత కరవులో ప్రభుత్వము చెన్నరాజధానిలో కరవు పనులు పెట్టినది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించి, పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా అరకిలోకైనను తక్కువ, దానిపై ఒక అణా అని నిర్ణయించెను. స్త్రీకి అంతకన్నను తక్కువ. ఆకలి ఇద్దరికిని ఒకటే. కూలి మాత్రము ఒకటి కాలేదు.

తరువాత 1920 ప్రాంతములలో, మెట్టసీమయగు శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ వెలసినది. అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తాకు వెళ్లి ఆ పని నేర్చి వచ్చిరి. పుల్లలను చట్రములలో పేర్చుట, పెట్టెలు అంటించుట స్త్రీలకు, బాలికలకు దొరకెను. ఇన్నింటికి ఇంత అని కూలి. 1934 నాటి చెన్నరాజధాని ప్రసూతి సహాయ చట్టము కర్మాగారములో పనిచేయు స్త్రీని ఆదుకొన్నది గాని, ఇంటి అరుగుమీద పెట్టెలంటించు తల్లికి అందలేదు. పేదరికము ఆమెకు పని తెచ్చినది. కూలి అడుగు శక్తిని తేలేదు.

ఇది మన సీమకే పరిమితము కాదు. 1997-98 సంక్షోభములో ఇండోనేషియాలో ధరలు పెరిగి కూలి విలువ పడిపోగా, మరింతమంది స్త్రీలు పనికి బయలుదేరిరి.

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము స్త్రీ పురుషులకు ఒకే కూలి అన్నది. పనివారిలో మూడవ వంతైనను స్త్రీలుండవలె నన్నది. తమిళనాట ఆ పనిదినములలో అయిదింట నాలుగు పాళ్లకు మించి స్త్రీలవే అయినవి. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపగా కర్మాగారములు మూతపడెను, బడులు మూతపడెను. ఇంటి చాకిరి పెరిగినది, చేతి కూలి ఆగినది. పనులు మరల తెరచినపుడు పల్లెలలో ఎందరికో ఆ ఉపాధి పనియే దిక్కయినది. అయితే ఆ చట్టము పల్లెలకే గనుక, పట్టణ పంచాయతీ అయిన సేత్తూరుకు వర్తింపలేదు. ఊరి సరిహద్దు దాటిన స్త్రీకి ఉన్న హక్కు ఊరిలోని స్త్రీకి లేకపోయినది.

కరవు వచ్చిన ప్రతిసారియు స్త్రీ పని పెరిగినది. చట్టము నిలిచిన చోటనే కూలి నిలిచినది. మన యిండ్లలోని అవ్వలు ఏ యేట ఏ పని చేసిరో, ఎంత కూలి తెచ్చిరో అడిగి వ్రాసి ఉంచుడని సోదరీ సోదరులను కోరుచున్నాము. అదియు మన వలస చరిత్రయే.