గ్రంథస్వాముల ముద్రలు



పరహస్తగతమైన పుస్తకము మరల వచ్చుట దుర్లభమని మన పెద్దలు చెప్పుదురు. ఈ భయము మనకే కాదు. పుస్తకమును ప్రేమించిన దేశములన్నిటను కలదు. అందుచేతనే గ్రంథస్వాములు తమ గ్రంథములపై గుర్తులుంచుకొనిరి. అట్టి గుర్తులలో రెండింటిని గూర్చియు, వానిని వాడిన ఇరువురు పండితులను గూర్చియు నేడు మనవి చేసెదను.

మొదటిది జర్మనీ దేశపు చీటి. గ్రంథస్వామి వంశచిహ్నమును కొయ్య అచ్చుతో కాగితముపై ముద్రించి, పుస్తకపు అట్టకు లోపలివైపున అంటింతురు. 1480 ప్రాంతమున హిల్డెబ్రాండ్ బ్రాండెన్‌బర్గ్ అనునతడు బుక్స్‌హైమ్ మఠమునకు దానమిచ్చిన గ్రంథములలో, వృషభచిహ్నము గల డాలును పట్టిన దేవదూత చీటి కలదు. పిదప న్యూరెంబర్గు పట్టణమున విలిబాల్డ్ పిర్క్‌హైమర్ అను పండితుడుండెను. సుప్రసిద్ధ చిత్రకారుడైన డ్యూరరు అతని ప్రాణమిత్రుడు. డ్యూరరు అతనికై రచించిన చీటిపై ‘తనకును, తన మిత్రులకును’ అను అర్థము గల లాటిను మాటలున్నవి. తాళము వేసి దాచుటకు గాక, పదిమందితో కలిసి చదువుటకే గ్రంథమని అతని భావము.

రెండవది చీనా ముద్ర. మెత్తని రాతిపై అక్షరములు చెక్కి, ఇంగిలీకపు పొడిని నూనెతో కలిపిన ఎఱ్ఱని ముద్దలో అద్ది, పుటమీద ఒత్తుదురు. అక్షరములను ఎత్తుగా నిలిపి చుట్టును తొలిచినచో ఎఱ్ఱని అక్షరములు పడును. అక్షరములనే తొలిచినచో ఎఱ్ఱని నేలపై తెల్లని అక్షరములు పడును. ఆ రంగు చిరకాలము నిలుచును. షావోషింగు ప్రాంతమువాడైన చీ చెంగ్‌హాన్ (1563–1628) అను రాజోద్యోగి తన ముద్రలో ఒక విన్నపమునే చెక్కించెను. బట్టలు కుదువపెట్టి కొన్న పుస్తకములివి, ఈ తాత వెఱ్ఱిని తలచుకొని వీనిని పెంపొందింపుడు, పోగొట్టకుడు అని దాని సారాంశము.

ఆ విన్నపము చెల్లలేదు. 1644లో మింగు రాజ్యము కూలెను. మరుసటి ఏట అతని కుమారుడు చీ బియావోజియా మంచూలను కొలువనొల్లక నీటబడి ప్రాణము విడిచెను. పిదప ఆ గ్రంథములు చెల్లాచెదరై, హ్వాంగ్ జోంగ్‌షీ మొదలగు పండితుల చేతులకు పోయెను. పిర్క్‌హైమరు గ్రంథముల గతియు నట్టిదే. అతడు 1530లో గతించెను. 1636లో అరండెల్ ప్రభువు వానిని కొని ఇంగ్లండునకు తరలించెను. 1667లో అవి లండనులోని రాయల్ సొసైటీకి చేరెను.

అట్లయిన ముద్ర వ్యర్థమా? కాదు. చీనాదేశమున క్రొత్త స్వామి పాత ముద్రకు ప్రక్కనే తన ముద్ర వేయుట వాడుక. నాలుగైదు ముద్రలున్న పుట ఆ గ్రంథమునకు వంశావళి. ఎవరి ఇంట పుట్టెనో, ఎవరి ఇంట పెరిగెనో అది చెప్పును. ముద్ర ఆస్తిని కాపాడలేకపోయినది గాని, ఆదరించిన వాని పేరును కాపాడినది. ఇట్టి చీటీలను, ముద్రలను ప్రీతితో సేకరించువారు నేడును కలరు.

మన తాళపత్ర గ్రంథములందును లేఖకుడు కడపటి ఆకున సంవత్సరమును, తన పేరును, ఎవరికొరకు వ్రాసెనో ఆ విషయమును చెప్పుట కలదు. మీ ఇంటి అటకమీద భారత భాగవతములున్నచో దింపి చూడుడు. తాతగారి చేవ్రాలు కనబడినచో చెరపకుడు. దాని క్రింద మీ పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి, ఆ పుస్తకమును మనుమని చేతిలో పెట్టుడు.