టైము చెప్పిన జెండా

డబ్బున్నవాళ్లు మేడ కడతారు, తోట వేస్తారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో నక్షత్రాలు చూడ్డానికి వేధశాల కట్టుకున్నారు, డాబాగార్డెన్సులో. 1817లో పుట్టిన జమీందారీ బిడ్డ, మద్రాసు వేధశాలలో టేలర్ దొర దగ్గర ఆ విద్య నేర్చుకొచ్చారు.

నక్షత్రాల లెక్కతో గడియారం సరిచూడ్డం ఆయనకి తెలుసు. వూరికెలా చెప్పడం? ఉపన్యాసమిస్తే వినేదెవరు! అందుకే డాల్ఫిన్స్ నోస్ కొండమీద ఓ జెండాకొయ్య వుండేది. వేళకి జెండా కిందికి జారేది. అంతే! కచేరీ గుమాస్తాకి, బెస్తవాడికి, సముద్రంలో లంగరేసిన ఓడ కప్తానుకి ఒకే మాట, ఒకే క్షణంలో.

కప్తానుకి అది ప్రాణంతో పని. ఓడ వున్నచోట మిట్టమధ్యాహ్నమెప్పుడో సూర్యుణ్ణి చూసి పడతాడు. పెట్టెలోని గడియారం గ్రీనిచ్ టైము చూపిస్తుంది. రెంటికీ తేడాయే ఓడ తూర్పుకెంత దూరంలో వుందో చెబుతుంది. ఆ గడియారం నాలుగు సెకండ్లు తప్పితే, మన తీరందగ్గర మైలుకి పైగా పొరపాటు. చీకట్లో రాళ్లమీదికి పోవడానికి అది చాలదూ?

మరి ఫిరంగి పేల్చొచ్చు కదా అంటారేమో. చప్పుడు కిలోమీటరు దాటడానికి సుమారు మూడు సెకండ్లు పడుతుంది. రెండు కిలోమీటర్ల అవతలి ఓడకి ఆరు సెకండ్లు ఆలస్యంగా చేరుతుంది. కంటికి ఆ బాధ లేదు.

గ్రీనిచ్‌లోనూ 1833 నుంచి ఇలాంటిదే. మధ్యాహ్నం ఒంటిగంటకి స్తంభం మీంచి పెద్ద బంతి జారుతుంది. నాకు నచ్చింది దాని ముందు తతంగం. అయిదు నిమిషాలుండగా బంతిని సగందాకా యెత్తుతారు, ‘ఇటు చూడండర్రా’ అన్నట్టు. రెండు నిమిషాలుండగా కొసకి. అందరి కళ్లూ అక్కడికి చేరాకనే అసలు సంగతి. ఈమధ్య ఒక సభలో ఓ ఇంజనీరుగారు తెరమీద ఒకే బొమ్మలో నలభై అంకెలు చూపించి, ‘ఇది మీకు తెలిసిందే’ అంటూ దాటిపోయారు. నా పక్కావిడ పాపం, కళ్లజోడు తుడుచుకోవడం మొదలెట్టింది, లోపం దానిదేననుకుని!

జగ్గారావుగారు నలభై నిండకుండానే, 1856లో పోయారు. వేధశాలని అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు నిలబెట్టారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని చూసి ఆయన రాసింది లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అది తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకి రాసుకునే భాష, దాని మర్యాద దానిది. జెండా చదవడానికి అక్షరమ్ముక్క కూడా అక్కర్లేదు.

1933లో హార్బరు తెరిచేనాటికి ఓడలు వైర్‌లెస్‌లో టైము వింటున్నాయి. ఇప్పుడా కొండమీద 1957 నాటి దీపస్తంభం వుంది.