షెల్ నడుమకొచ్చిన కథ

న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తీర్చిదిద్దిన యునిక్స్‌లో, ఒక ప్రోగ్రామ్ మరొకదాన్ని నడపడానికి రెండు అడుగులు వేయాలి. ఫోర్క్‌తో తన నకలు పుట్టించుకోవాలి. ఎగ్జెక్‌తో ఆ నకలు స్థానంలో కొత్త ప్రోగ్రామ్‌ను నిలపాలి. ఎగ్జెక్‌కు ఆర్గ్యుమెంట్లు విడివిడిగా అందుతాయి. వాటిలో ఖాళీలున్నా, సెమికోలన్లున్నా యునిక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌కు అవి వట్టి అక్షరాలే.

1979లో వచ్చిన ఏడవ ఎడిషన్ యునిక్స్‌లో దీనికి దగ్గరిదారి కూడా ఉంది: సిస్టమ్ అనే ఫంక్షన్. ఆదేశమంతా ఒకే వాక్యంగా ఇస్తే, అది షెల్‌ను పిలిచి చదివిస్తుంది. ఎదుట కూర్చున్న మనిషి టైపు చేసేది అర్థం చేసుకోవడానికి పుట్టినది షెల్. సెమికోలన్ కనబడితే అక్కడితో ఒక ఆదేశం ముగిసిందనుకుంటుంది. ఆ వాక్యంలో ఎంత భాగం ప్రోగ్రామర్ రాశాడో, ఎంత భాగం బయటివాడు పంపాడో దానికి తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

వెబ్ వచ్చాక బయటివాడంటే ప్రపంచంలో ఎవరైనా కావచ్చు. ఎన్‌సీఎస్‌ఏ, అపాచీ సర్వర్లతోపాటు పీహెచ్‌ఎఫ్ అనే చిన్న ప్రోగ్రామ్ నమూనాగా వచ్చేది. ఫోన్ డైరెక్టరీలో పేర్లు వెతకడం దాని పని. రాసినవారు అజాగ్రత్తపరులేమీ కారు. ప్రమాదకరమైనవని జాబితా కట్టిన ప్రతి అక్షరం ముందూ బ్యాక్‌స్లాష్ చేర్చే ఫంక్షన్‌ను వాడారు. కానీ ఆ జాబితాలో కొత్త పంక్తిని సూచించే అక్షరం లేదు. షెల్‌కు కొత్త పంక్తి అంటే కొత్త ఆదేశమే. చిరునామాలో పర్సెంటు గుర్తు, సున్నా, ఏ అని మూడక్షరాలు కలిపి, ఆ వెనుకే పాస్‌వర్డ్ ఫైలును చూపించే ఆదేశం రాస్తే సర్వర్ దాన్ని విధేయంగా నడిపేది. 1996లో కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్ దీనిపై హెచ్చరిక జారీ చేసింది.

చెడ్డ అక్షరాల జాబితా ఎంత పెంచినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. పెర్ల్ భాష వేరే దారి పట్టింది: టెయింట్ పద్ధతిలో, బయటినుంచి వచ్చిన విలువకు మైల అంటినట్టు గుర్తుపెట్టి, పరీక్షించనిదే షెల్ దాకా వెళ్లనివ్వదు. 2004లో పైథాన్ భాష 2.4 వెర్షన్‌తో వచ్చిన సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ ఇంకా మూలానికి వెళ్లింది. కోరితే తప్ప షెల్‌ను పిలవదు. ఆర్గ్యుమెంట్లను జాబితాగా తీసుకుంటుంది. అంటే, పాత ఎగ్జెక్ పద్ధతే. (హైఫన్‌తో మొదలయ్యే పేరును అవతలి ప్రోగ్రామ్ ఆప్షన్‌గా పొరబడే ప్రమాదం అప్పటికీ ఉంటుంది.)

విండోస్‌లో ఆర్గ్యుమెంట్లను విడివిడిగా పంపే ఈ ఆసరా కూడా బలహీనమే. అక్కడ కొత్త ప్రోగ్రామ్‌కు చేరేది ఒకే పొడవాటి వాక్యం. బ్యాచ్ ఫైలును నడిపితే అక్కడి షెల్ అయిన కమాండ్ ప్రాంప్ట్ చెప్పకుండానే నడుమకొస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఈ లోపం బయటపడ్డాక రస్ట్ భాష తన లైబ్రరీని మార్చుకుంది. భద్రంగా పంపలేని ఆర్గ్యుమెంటు ఎదురైతే ఇప్పుడది బ్యాచ్ ఫైలును నడపకుండా ఎర్రర్ చూపి ఆగిపోతుంది.