అమ్మవారు పోసిన ఇంట్లో అవ్వ

మశూచి సోకినవారి పక్కన కూర్చునే పని తెలుగు పల్లెల్లో తరచు ముసలమ్మల మీద పడేది. చిన్నతనంలోనే అమ్మవారు పోసి, ముఖాన మచ్చలతో బతికి బయటపడ్డవారికి ఆ జబ్బు మళ్లీ రావడం చాలా అరుదు. ఈ సంగతి ఊరికి అనుభవం మీద తెలుసు. అందుకే కోడళ్లనూ పసివాళ్లనూ దూరంగా ఉంచి అవ్వ లోపలికి వెళ్లేది.

గుమ్మానికి వేపమండలు కట్టేవారు. పడక మీద లేత వేపాకు పరిచేవారు. దురద పుడితే గోళ్లతో గీరనివ్వక వేపరెమ్మతో నిమిరేవారు. అమ్మవారు దిగిపోయేదాకా ఇంట్లో తాలింపు వేసేవారు కాదు, తలంటుకునేవారు కాదు, చాకలికి బట్టలు వేసేవారు కాదు, బయటివాళ్లను గడప దాటనిచ్చేవారు కాదు. రోగికి చప్పిడి కూడు, మజ్జిగన్నం. పొక్కులు మాడి పెచ్చులు రాలాక పసుపు, వేపాకు వేసిన నీళ్లు పోసేవారు. ఇదంతా అమ్మవారి శాంతికే చేసినా, రాకపోకలు ఆపడం వల్ల జబ్బు పాకడం కొంతైనా తగ్గి ఉంటుంది. వేపాకు మాత్రం మశూచిని నయం చేయలేదు. టీకా లేనివారిలో జబ్బు సోకిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు పోయేవారు.

అంత చావు మధ్య కూడా అవ్వలు వచ్చే ఏటి మాట మాట్లాడారు. పసుపు గుడ్డలో నాణెం ముడుపు కట్టి, బిడ్డ గట్టెక్కితే వచ్చే ఏడు నైవేద్యం పెడతామని పోలేరమ్మకో ముత్యాలమ్మకో మొక్కుకునేవారు. అప్పటికి ఇంట్లో బియ్యం, బెల్లం ఉంటాయని, వాటిని వండి గుడికి మోసే మనుషులు మిగులుతారని నమ్మితేనే అలా మొక్కగలరు. దీన్ని వట్టి మూఢనమ్మకమని తోసేస్తే ఆ గుండెధైర్యాన్ని చూడనట్టే.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి కూడా ఒక మొక్కు ఫలమేనని స్థలచరిత్ర చెబుతుంది. 1813లో జంటనగరాల్లో గత్తర (కలరా) చెలరేగినప్పుడు, సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య మొక్కుకుని, 1815లో తిరిగివచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడంటారు. అక్కడ బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ రంగం (భవిష్యవాణి) చెబుతుంది. వానలు, పంటలు, రోగాల గురించి జనం ఆమెనే అడుగుతారు.

అమ్మవారి మీది ఆ నమ్మకమే మశూచి టీకాకు అడ్డుపడిన సందర్భాలూ ఉన్నాయి. అమ్మవారికి కోపం వస్తుందన్న భయంతో, టీకాలవాళ్లు ఊళ్లోకి రాగానే పిల్లలను దాచేవారు. అయినా చివరికి టీకాయే గెలిచింది. మన దేశంలో మశూచి 1975లో ఆగిపోయింది. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు.

2020లో కరోనా వచ్చేసరికి లెక్క తలకిందులైంది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ ముప్పు ముసలివాళ్లకే. 65 ఏళ్లు దాటినవారు గడప దాటవద్దని ప్రభుత్వం చెప్పింది. ఒకప్పుడు రోగి పక్కన ధైర్యంగా కూర్చున్న అవ్వ ఇప్పుడు మనవడిని కూడా దూరం నుంచే చూడాల్సి వచ్చింది. ఆ దూరం చాలామందిని కుంగదీసింది. ఆ ఆషాఢంలో హైదరాబాద్‌లో బోనాలు ఇళ్లలోనే చేసుకున్నారు. 2021 మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి టీకాలు మొదలయ్యాయి. ముందటేడు ఆగిన మొక్కులను ఆ ఏటి ఆషాఢంలో గుడికి వెళ్లి చెల్లించుకున్నవారు ఉన్నారు.