ఫోన్ (ఉత్తర తెలంగాణ వాడుక, చరిత్ర)

ఫోన్: దూరాన ఉన్నవారితో మాట్లాడటానికి వాడే సాధనం, ఆ సాధనం ద్వారా వచ్చే పిలుపు, ఆ పిలుపు అందుకునే నంబరు. రూపాంతరాలు: ఫోను, పోను, టెలిఫోను, సెల్లు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన మాటల్లో ఊరూరా, వయసుతో పనిలేకుండా అందరి నోటా నలిగినవాటిలో ఇదొకటి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ మాట చుట్టూ పెద్ద పదసంపదే పోగుపడింది. గల్ఫ్ వలస, బొగ్గుగనులు, మహారాష్ట్ర సరిహద్దు, ఉర్దూ సాహచర్యం ఆ పదసంపదకు ఇక్కడి రంగునిచ్చాయి.

పుట్టుక

గ్రీకులో ‘టేలే’ అంటే దూరం, ‘ఫోనే’ అంటే ధ్వని లేదా గొంతు. 1861లో జర్మనీలో ఫిలిప్ రైస్ తన పరికరానికి ‘టెలెఫోన్’ అని పేరు పెట్టాడు. 1876 మార్చి 7న అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కు అమెరికాలో పేటెంటు దక్కిన తర్వాత ఈ పేరు లోకమంతా స్థిరపడింది. వాడుకలో ముందుభాగం రాలిపోయి ‘ఫోన్’ మిగిలింది. గ్రామఫోన్, మైక్రోఫోన్, శాక్సఫోన్ మాటల్లో ఉన్నదీ ఈ ధ్వని అనే అర్థమే. భాషాశాస్త్రంలో ‘ఫోన్’ అంటే నోటితో పలికే ఒక్క ధ్వని.

తెలుగు మాట అచ్చుతో ముగియడం సహజం కాబట్టి పాత రాతల్లో ‘ఫోను’ అనే రూపం కనిపిస్తుంది. పల్లెల్లో ‘పోను’ అంటారు. ‘వెళ్ళను’ అనే అర్థంలో వాడే ‘పోను’కూ దీనికీ సంబంధం లేదు. విభక్తులు చేరేటప్పుడు ఇది పూర్తిగా తెలుగు మాటలాగే నడుచుకుంటుంది: ‘ఫోన్ల చెప్పిన’, ‘ఫోన్ల పైసలు లెవ్వు’, ‘ఫోనుకు ఛార్జింగ్ పెట్టు’. చివరి ‘ల’ తెలంగాణ వాడుకలో ‘లో’కు బదులుగా వచ్చే ప్రత్యయం.

అర్థాలు

ఇంగ్లీషులో పరికరానికి ఒక మాట, దాని ద్వారా వచ్చే పిలుపుకు మరో మాట ఉన్నాయి. తెలుగువాడుకలో రెండింటికీ ‘ఫోనే’ సరిపోతుంది. ‘దుబాయ్ కెల్లి ఫోన్ అచ్చింది’ అంటే అక్కడి నుంచి పిలుపు వచ్చిందని. ‘వచ్చింది’ని ‘అచ్చింది’ అనడం కరీంనగర్ వైపు నుడికారం. ‘ఎవల ఫోన్?’ అనే ప్రశ్న మాట్లాడిన మనిషి గురించీ కావచ్చు, బల్ల మీద మరిచిపోయిన పరికరం గురించీ కావచ్చు, సందర్భమే తేలుస్తుంది. ‘మీ ఇంటి ఫోన్ రాసియ్యి’ అంటే అడిగింది నంబరు. ‘ఫోన్ పోయింది’ అంటే పరికరం పోవచ్చు. ల్యాండ్‌లైన్ కాలంలో లైను చచ్చిపోయిందనీ అర్థం.

2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలయ్యాక మరో అర్థం పక్కన చేరింది. ‘ఫోన్‌పే’ ఒక సంస్థ పేరు. అయినా ఏ యాప్‌తో డబ్బు పంపినా ‘ఫోన్‌పే కొట్టిన’ అనే మాట కూరగాయల బండి దగ్గరా, ఆర్టీసీ బస్టాండులోనూ వినిపిస్తుంది. ‘ఫోన్ కొట్టు’ అంటే పిలవమని, ‘ఫోన్‌పే కొట్టు’ అంటే డబ్బు పంపమని.

పర్యాయపదాలు

రాతభాషలో టెలిఫోనుకు ‘దూరవాణి’ అనే మాట కల్పించుకున్నాం. ‘ఆకాశవాణి’ కూడా ఇదే తీరు మాట; కన్నడంలోనూ దూరవాణే. సెల్‌ఫోన్ వచ్చాక దినపత్రికలు ‘చరవాణి’ని వాడుకలోకి తెచ్చాయి. ఇరుగుపొరుగు భాషల్లో హిందీకి ‘దూర్‌భాష్’, మరాఠీకి ‘దూరధ్వనీ’, సెల్‌కు ‘భ్రమణధ్వనీ’, తమిళానికి ‘తొలైపేసి’, సెల్‌కు ‘కైపేసి’ ఉన్నాయి.

ఇవన్నీ అందంగా కూర్చిన మాటలే. పత్రికల్లో, ప్రభుత్వ కాగితాల్లో, పాఠ్యపుస్తకాల్లో వీటికి చోటు ఉంది. సిరిసిల్ల మగ్గం దగ్గరా, నిర్మల్ సంతలోనూ వినిపించేది మాత్రం ఫోను, సెల్లు. జనం యంత్రం పేరును వచ్చినట్టే తీసుకుని, దాంతో చేసే పనులన్నిటికీ తమ సొంత క్రియలు పెట్టుకున్నారు. ఈ ప్రాంతపు అసలైన పదసృష్టి ఆ క్రియల్లోనే కనిపిస్తుంది.

తంతి కాలం

భారతదేశంలో తొలి టెలిఫోన్ ఎక్స్చేంజీలు 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మొదలయ్యాయి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్నాయి. దూరవార్త అంటే ఇక్కడ చాలాకాలం టెలిగ్రామే. దాన్ని తెలుగులో తంతి అనీ, ఉర్దూలో తార్ అనీ పిలిచేవారు. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయి రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దారిలో పట్టాల వెంట తీగలు సాగాయి. సింగరేణి భూగర్భ గనుల్లో పైకీ లోపలికీ మాట్లాడుకోవడానికి వేరే టెలిఫోన్లు ఉండేవి. ఊళ్ళోకి ఫోను రాకముందే గనిలో పనిచేసేవారికి దాని సంగతి తెలుసు.

దేశమంతటా తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది. చావు కబురు మోసుకొచ్చేదిగా పేరుపడ్డ తంతి అంటే ఉన్న భయం తొలినాళ్ళలో అర్ధరాత్రి మోగే ఫోనుకూ అంటుకుంది.

ట్రంకు కాల్ కాలం

1960 నవంబరులో కాన్పూర్–లక్నోల మధ్య ఆపరేటరు లేకుండా నేరుగా కలిసే దేశపు తొలి ఎస్టీడీ సేవ మొదలైంది. మన పట్టణాలకు అది చేరేదాకా దూరపు ఊరితో మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేయాల్సిందే. పోస్టాఫీసుకు వెళ్ళి నంబరు రాసిచ్చి, ఆపరేటరు లైను కలిపేదాకా కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని కాల్స్‌లో తరగతులుండేవి. ఫలానా మనిషే మాట్లాడాలనుకుంటే పి.పి. కాల్.

ఈ ‘పి.పి.’ తర్వాత మరో అర్థం తెచ్చుకుంది. ఇంట్లో ఫోను లేనివారు పక్కింటి నంబరో, కిరాణా దుకాణం నంబరో ఇచ్చి పక్కన పి.పి. అని రాసేవారు. పెళ్ళిపత్రికల మీదా, దరఖాస్తుల మీదా ఆ రెండక్షరాలు కనిపించేవి. ఒక ఇంటి ఫోను వాడకట్టంతటికీ ఫోను. పిలుపు వస్తే లైను కట్ కాకుండా రిసీవరు పక్కన పెట్టి, పిల్లగాణ్ణి పరుగెత్తించి మనిషిని పిలిపించేవారు. ‘లైన్ల ఉన్నడు, జల్ది రా’ అనే కేక ఆ రోజులది.

ఎస్టీడీ బూతుల కాలం

1984లో శ్యామ్ పిట్రోడా చొరవతో ఏర్పడిన సీ-డాట్ సంస్థ పల్లెల కోసం 128 లైన్ల చిన్న ఎక్స్చేంజీ తయారుచేసింది. వేడికీ దుమ్ముకూ తట్టుకునేలా, ఏసీ గది అవసరం లేకుండా దాన్ని రూపొందించారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. మండల కేంద్రాలకూ పెద్ద గ్రామాలకూ ఫోను చేరడానికి ఇలాంటి చిన్న ఎక్స్చేంజీలే దారి వేశాయి.

ఆ వెంటనే పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో ఎస్టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ దుకాణాలు వెలిశాయి. అద్దాల గది, స్టూలు, మాట్లాడుతుంటే ఎర్రటి అంకెలతో పెరిగే మీటరు, చివర కాగితం చీటీ. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి భోజనాల తర్వాతే బూతుల ముందు జనం. హోటళ్ళ దగ్గర రూపాయి బిళ్ళ వేసే కాయిన్ బాక్సులు ఉండేవి. ‘పైసలు అయిపోతున్నయ్, ఇగ పెడుత’ అని ముగించడం అప్పటి అలవాటు.

ఎస్టీడీ కోడ్ కూడా ఊరి గుర్తుల్లో ఒకటైంది. కరీంనగర్ 0878, జగిత్యాల 08724, సిరిసిల్ల 08723, ఆదిలాబాద్ 08732, నిర్మల్ 08734, మంచిర్యాల 08736. ఈ కోడ్ల పరిధులు చాలామటుకు పాత తాలూకాలను అనుసరించినవి. 1985లో మండలాల వ్యవస్థ వచ్చింది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ ఏర్పడ్డాయి. పరిపాలన గీతలు ఇన్నిసార్లు మారినా కోడ్లు మారలేదు.

దుబాయ్ ఫోన్

జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిర్మల్ ప్రాంతాల నుంచి వేలాది మంది బతుకుదెరువుకు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. తొలిరోజుల్లో ఉత్తరాలు, మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు ఊరికి వచ్చేవారి చేత పంపుకునేవారు. బూతులు వచ్చాక ఐఎస్‌డీ కాల్ వారికి ప్రాణాధారమైంది. ఇంగ్లీషు చదవడం రాని తల్లులకు కూడా 971 దుబాయ్ అనీ, 966 సౌదీ అనీ, 968 మస్కట్ అనీ గుర్తుండేది. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ఫోన్ కోసం ఇంటిల్లిపాదీ కాచుకునేవారు. దుబాయ్ మనకంటే గంటన్నర, సౌదీ రెండున్నర గంటలు వెనక ఉంటాయన్న లెక్క నోటికి వచ్చు. ‘ఇప్పుడు డ్యూటీల ఉంటడు, మాపటికి చెయ్యి’ అనడం ఆ లెక్క ప్రకారమే.

ఇంటర్నెట్ వచ్చాక ఇమో, వాట్సాప్ ఆ స్థానం తీసుకున్నాయి. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌కు అడ్డంకులున్నందున ఇక్కడి పల్లెల్లో ఇమో పేరు బాగా పాతుకుంది. ‘ఇమోల కనవడ్డడు’ అంటే వీడియోలో ముఖం చూసి మాట్లాడామని. బిడ్డ పుట్టిన రోజునా, తండ్రి పోయిన రోజునా రాలేని మనిషికి ఊరు కనిపించింది ఆ చిన్న తెరలోనే. ఈ ప్రాంతంలో ఫోను చరిత్ర రాయాలంటే వలస కుటుంబాలతోనే మొదలుపెట్టాలి. ఇక్కడ దాని విలువ అందరికంటే ఎక్కువ తెలిసింది వారికే.

సెల్లు

భారత్‌లో తొలి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న కలకత్తాలోని జ్యోతిబసుకూ ఢిల్లీలోని సుఖ్‌రామ్‌కూ మధ్య జరిగింది. బీఎస్ఎన్ఎల్ సెల్ సేవ 2002 అక్టోబరులో మొదలైంది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమవడంతో సెల్లు కూలీల చేతికి వచ్చింది. మిస్‌కాల్ కూడా ఒక భాష అయింది. ఒకటి ఇస్తే బస్సు దిగాననీ, రెండిస్తే తిరిగి చేయమనీ ఇళ్ళల్లో ఒప్పందాలుండేవి. ‘మిస్‌కాల్ ఇయ్యి, నేనే చేస్త’ అనడం మర్యాద.

పెన్‌గంగ, ప్రాణహిత ఒడ్డు ఊళ్ళలో సిగ్నల్ మహారాష్ట్ర టవరుకు మారితే రోమింగ్ పడేది. ఏజెన్సీ గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కడం ఉండేది. టవర్లు అందని ఊళ్ళ కోసం 2022 జూలైలో కేంద్రం దేశవ్యాప్తంగా 24,680 గ్రామాలకు 26,316 కోట్ల రూపాయలతో 4జీ పథకాన్ని ఆమోదించింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చౌకైంది. సెల్లు రెండు జాతులుగా విడిపోయింది: ‘బటన్ ఫోన్’, ‘టచ్ ఫోన్’.

బస్టాండు పక్క రిపేరు దుకాణంలో మరో పదజాలం పుట్టింది. డిస్‌ప్లే పోయింది, టచ్ పనిచేస్తలేదు, ఛార్జింగ్ పిన్ లూజైంది, హ్యాంగయితంది, సాఫ్ట్‌వేర్ కొట్టియ్యాలె. సూది మొన లాంటి సోల్డరింగ్ ఐరన్‌తో, భూతద్దం కింద పనిచేసే ఆ కుర్రవాడి మాటల్లో ఇంగ్లీషు నామవాచకాలకు తెలుగు క్రియలు అతికి ఉంటాయి.

ఫోను క్రియలు

పిలవడానికి: ఫోన్ చెయ్యి, కొట్టు, కలుపు. అందుకోవడానికి: ఫోన్ ఎత్తు, లేపు. ‘రింగయితంది కని లేప్తలేడు’ అనేది రోజూ వినే వాక్యం. ముగించడానికి: ఫోన్ పెట్టేయి, కట్ చెయ్యి. ఎత్తడం, పెట్టేయడం రిసీవరు ఉన్న కాలపు మాటలు. సెల్లులో ఎత్తేదీ పెట్టేదీ ఏమీ లేకపోయినా అవే నిలిచాయి. ‘నంబర్ తిప్పు’ గుండ్రటి డయలు కాలానిది. ‘నొక్కు’ బటన్లతో వచ్చింది. పాత ‘ఎంగేజ్’ పోయి ‘బిజీ అత్తంది’ వచ్చింది.

ఉర్దూలో ‘ఫోన్ ఉఠానా’, మరాఠీలో ‘ఫోన్ ఉచలణే’ అంటే కూడా ఎత్తడమే. ఉర్దూ ‘మిలానా’కు మన ‘కలుపు’ సరిజోడు. మూడు భాషలు కలిసి బతికే ఆదిలాబాద్‌లో ఒకే పనికి మూడు భాషలూ ఒకే ఊహ చేయడం సహజం.

నిఘంటువుల్లో స్థానం

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం, ఊరూరా తిరిగి రైతుల నోటి మాటలు సేకరించి చేసిన పని. కరీంనగర్ జిల్లాకు చెందిన నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ కూర్చారు. ఫోను మాటలకూ అలాంటి సేకరణ కావాలి. లైన్‌మన్‌లు, ట్రంకు ఆపరేటర్లు, బూతులు నడిపినవారు పెద్దవారవుతున్నారు; వారు వాడిన మాటలు వారితోపాటే తరిగిపోతాయి. ‘దూరవాణి’ని నమోదు చేసిన నిఘంటువు ‘ఫోన్ లేపు’నూ, ‘పి.పి. నంబరు’నూ, ‘మిస్‌కాల్ ఇయ్యి’నీ అర్థంతో, కాలంతో, ఊరి పేరుతో సహా నమోదు చేస్తేనే ఈ మాట చరిత్ర పూర్తవుతుంది.