ఈమెయిలు జవాబులలో ఉటంకింపు

ఒక ఈమెయిలుకు జవాబు రాసేటపుడు, అందుకున్న సందేశంలోని వాక్యాలను తిరిగి చూపడాన్ని ఉటంకింపు అంటారు. పలువురు సభ్యులు పాల్గొనే చర్చా సమూహాలలో దీనికి ప్రాముఖ్యత ఎక్కువ. జవాబు ఏ మాటకు చెందినదో, ఆ మాట ఎవరిదో పాఠకునికి స్పష్టంగా తెలియాలి. ఉటంకింపు మర్యాదలలో చాలా భాగం ఈ రెండు అవసరాల నుండి పుట్టినవే.

చరిత్ర

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థకు రూపకల్పన చేశారు. యూజ్‌నెట్‌లోను, ఈమెయిలులోను ఉటంకించిన ప్రతి పంక్తికి ముందు ">" గుర్తు ఉంచే అలవాటు క్రమంగా స్థిరపడింది. రెండు గుర్తులుంటే అది అంతకు ముందరి జాబులోని మాట అని అర్థం.

1995 అక్టోబరులో ఇంటెల్ సంస్థకు చెందిన శాలీ హాంబ్రిడ్జ్ రాసిన ఆర్.ఎఫ్.సి. 1855 అనే పత్రం అంతర్జాల మర్యాదలను ఒకచోట క్రోడీకరించింది. జవాబులో పాత సందేశపు సారాంశాన్ని గాని, సందర్భం తెలియడానికి చాలినంత భాగాన్ని గాని ఇవ్వాలని అది సూచించింది. ఈ పత్రం సాంకేతిక ప్రమాణం కాదు, సలహా మాత్రమే.

పద్ధతులు

జవాబు రాసే చోటును బట్టి మూడు పద్ధతులున్నాయి.

* పై జవాబు: కొత్త మాట పైన, పాత సందేశం మొత్తం కింద ఉంటుంది. కార్యాలయాలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చర్చలోకి కొత్తగా వచ్చిన వ్యక్తికి పూర్వాపరాలన్నీ ఒకేచోట దొరుకుతాయి, కాని కింద నుండి పైకి చదువుకోవాలి.
* కింది జవాబు: ముందు ఉటంకింపు, తరువాత జవాబు ఉంటాయి. పాత సందేశాన్ని కుదించకపోతే పాఠకుడు జవాబు కోసం చివరిదాకా వెతుక్కోవాలి.
* మధ్య జవాబు: ఒక్కొక్క ప్రశ్న కిందనే దాని సమాధానం రాస్తారు. ఉదాహరణకు:

> సభ ఏ రోజున?
ఆదివారం సాయంత్రం.
> అధ్యక్షులు ఎవరు?
ఇంకా నిర్ణయం కాలేదు.

అనేక అంశాలున్న చర్చకు మధ్య జవాబు అనువైనది. ఏ సమూహంలో ఏ పద్ధతి వాడుకలో ఉంటే దానినే అనుసరించడం మర్యాద.

కుదింపు, ఆపాదన

ఉటంకింపులో అవసరం లేని భాగాలను, పాత సంతకాలను తీసివేయవచ్చు. తీసివేసిన చోట చుక్కలు పెట్టడం ఆనవాయితీ. అయితే కుదింపు వలన అర్థం మారకూడదు. "నిధులు సమకూరితే ఈ ప్రతిపాదనకు అంగీకరిస్తాను" అన్న వాక్యంలో మొదటి రెండు మాటలు తీసివేస్తే, షరతుతో కూడిన అంగీకారం పూర్తి అంగీకారంగా మారిపోతుంది.

ఉటంకింపుకు ముందు "ఫలానా వారు ఇలా రాశారు" అనే పంక్తి ఉంటుంది. కుదించేటపుడు ఈ పంక్తిని పొరపాటున తొలగిస్తే, ఒకరి మాట మరొకరికి అంటగట్టినట్లవుతుంది. పొడవైన పంక్తులు మధ్యలో విరిగినపుడు కూడా ఇదే ప్రమాదం ఉంది. విరిగిన రెండవ ముక్కకు ">" గుర్తు లేకపోతే అది జవాబు రాసినవారి మాటగా కనిపిస్తుంది. 2004 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 3676, పంక్తులను సరిగా తిరిగి కలిపే విధానాన్ని వివరిస్తుంది.

వ్యక్తిగతంగా అందిన జాబును సమూహానికి పంపేముందు రాసినవారి అనుమతి తీసుకోవాలని, పదాలను మార్చకూడదని ఆర్.ఎఫ్.సి. 1855 చెబుతుంది. "అందరికీ జవాబు" మీట నొక్కేముందు చిరునామాలు సరిచూసుకోవడం కూడా ఈ కోవలోనిదే.

తెలుగు చర్చలలో

యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగువారు అంతర్జాలంలో ఆర్.టి.ఎస్. వంటి పద్ధతులలో, రోమను లిపిలో తెలుగు రాసేవారు. ఇందులో చిన్నబడి, పెద్దబడి అక్షరాలకు వేర్వేరు ధ్వనులున్నాయి. ఒక్క అక్షరం మారితే "కల" కాస్తా "కళ" అవుతుంది. అందువలన పాత మాటను మళ్ళీ టైపు చేయకుండా ఉన్నదున్నట్లు నకలు చేయడం అవసరమయ్యేది.

అనేక భాషల చర్చా సమూహాలకు నెలవైన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడింది. ఇటువంటి సందర్భాలలో సభ్యులు దాచుకున్న జాబులే చర్చకు మిగిలే ఆధారం. మూల సందేశం దొరకనపుడు దానిలోని మాటలు జవాబులలోని ఉటంకింపుల ద్వారానే తెలుస్తాయి. పేరు, తేదీ సరిగా ఉన్నపుడే అటువంటి ఉటంకింపును నమ్మదగిన ఆధారంగా తీసుకోవడం సాధ్యమవుతుంది.