సైకిలు కొనువానికి చరిత్ర చెప్పు పాఠము

బడులు తెరచు దినములలో సైకిళ్ల దుకాణము ముందు తండ్రీబిడ్డలు నిలిచి బేరమాడుట మనము చూచుచుందుము. బిడ్డ చూపు వంపు హ్యాండిలు, సన్నని టైర్లు గల రేసు సైకిలుపై నుండును. తండ్రి చేయి జేబుపై నుండును. ఏది కొనవలెను? దీనికి దుకాణదారుని కంటె సైకిలు చరిత్రయే చక్కని సమాధానము చెప్పగలదు. ఏలయన సైకిలులోని ప్రతి భాగము ఒకానొక కాలమున ఒకానొక ఇబ్బందికి దొరికిన విరుగుడు. మన ఇబ్బంది ఏదో తెలిసినచో మనకు కావలసిన భాగమేదో తెలియును.

1817 జూన్ 12వ తేదీన జర్మనీలోని మన్‌హైమ్ పట్టణము నుండి కార్ల్ ఫన్ డ్రైస్ అను అటవీ అధికారి రెండు చక్రముల కొయ్యబండి నెక్కి బయలుదేరెను. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుచు సాగవలెను. అయినను పన్నెండు కిలోమీటర్లకు పైగా దూరమును ఆయన గంట లోపుననే చుట్టివచ్చెను. ఇది నడకకు రెట్టింపు కంటె ఎక్కువ. రెండు చక్రములపై మనిషి పడిపోకుండ నిలువగలడని లోకమునకు అప్పుడు తెలిసినది.

1860ల నాటికి పారిసు నగరమున ముందు చక్రపు ఇరుసునకే పెడళ్లు తగిలించిరి. పెడలు ఒక చుట్టు తిరిగినచో చక్రమును ఒక చుట్టే తిరుగును. మరి వేగము పెంచుటెట్లు? చక్రమును పెంచుటయే మార్గము. అందుచే 1870లలో ముందు చక్రము అయిదడుగుల వ్యాసము వరకు పెరిగెను. అట్టి చక్రము ఒక చుట్టునకు సుమారు 4.8 మీటర్లు సాగును. అంతకు మించి పెంచుటకు మనిషి కాలి పొడవు చాలదు. సవారీ చేయువాడు ఇంచుమించు ఆ చక్రము నడినెత్తిన కూర్చుండును. చిన్న రాయి అడ్డుపడినను తలక్రిందులుగా పడును. కనుక ఆ యంత్రము ధనము, ధైర్యము గల యువకుల వినోదముగానే మిగిలెను. స్త్రీలకు, వృద్ధులకు, పనికి పోవు కూలీలకు అది అందలేదు.

ఈ చిక్కును విప్పినది గొలుసు. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' అను సైకిలును తయారుచేసెను. రెండు చక్రములు ఇంచుమించు సమానము, పెడళ్లు నడుమ, గొలుసు వెనుక చక్రమునకు. దీనికి 'సేఫ్టీ సైకిలు', అనగా భద్రమైన సైకిలు, అని పేరు వచ్చెను. పేరులోనే దాని ఉద్దేశ్యము కలదు.

గొలుసు చేయు పని ఒక లెక్కలో చూడుడు. మన ఊళ్ల నల్ల సైకిలుకు సాధారణముగా ముందు పళ్లచక్రమున 44 పండ్లు, వెనుక ఫ్రీవీలున 18 పండ్లు ఉండును. పెడలు ఒకసారి తిరిగినచో వెనుక చక్రము 44/18, అనగా సుమారు 2.44 చుట్లు తిరుగును. చక్రపు వ్యాసము 28 అంగుళములు. కావున ఒక్క తొక్కుడుకు సుమారు అయిదున్నర మీటర్లు పోవుదుము. అయిదడుగుల చక్రము కంటె ఎక్కువ దూరము, కాళ్లు నేలకు అందు ఎత్తున!

చిన్న చక్రములకు రబ్బరు దిమ్మ టైర్లు వేసినచో ఒళ్లు హూనమగుచుండెను. 1888లో బెల్ఫాస్టు నందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి టైర్లు అమర్చెను. 1845లోనే రాబర్ట్ థామ్సన్ అను నతడు ఇట్టి టైరును కనుగొనియుండెను గాని అది ఆనాడు వాడుకలోనికి రాలేదు. 1890లలో తయారీ పెరిగి ధరలు దిగెను. పాత సైకిళ్లు చేతులు మారి కార్మికులను చేరెను. మన దేశమున స్వాతంత్ర్యానంతరము 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వెలసినవి.

పందెముల సైకిలు వేరొక దారిన పెరిగెను. టూర్ ద ఫ్రాన్స్ పందెమున గొలుసును ఒక పళ్లచక్రము నుండి వేరొకదానికి జరుపు గేర్లను 1937లో అనుమతించిరి. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగు రెట్లగును. కనుకనే పందెగాడు వంగి కూర్చుండును. ఇది అతని ఇబ్బందికి విరుగుడు. మన ఇబ్బందికి కానవసరము లేదు.

2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు కొనుటకు ధనమిచ్చెను. హైస్కూలులో చేరు బాలికల సంఖ్య పెరిగెనని, ఆ పెరుగుదల ముఖ్యముగా బడి మూడు కిలోమీటర్లకు మించిన దూరమున గల గ్రామములలో కనబడెనని తరువాతి పరిశీలనలు తేల్చినవి. అవి గేర్లు గల సైకిళ్లు కావు. వాటి విలువ వేగమున కాదు, అందని బడిని అందించుటలో కలదు.

ఇక దుకాణమునకు పోదము. మొదట కొలత చూడుడు. కమ్మీకి ఇరువైపుల కాళ్లు నేలకానించి నిలిచినప్పుడు కమ్మీకిని శరీరమునకును నడుమ రెండు మూడు సెంటిమీటర్ల ఎడముండవలెను. కొలత కుదరని సైకిలు చవుకగా వచ్చినను నష్టమే. దారి చదునైనచో గేర్లు లేకున్నను లోటు లేదు. ఎత్తుపల్లములున్నచో గేర్లు కావలెను; అప్పుడు పెద్ద గేరు కంటె చిన్న గేరునే విచారింపుడు. రేసు సైకిలే కావలెనన్నచో 28 మిల్లీమీటర్లు, అంతకు మించిన టైర్లు పట్టునదియు, మడ్‌గార్డులు, క్యారియర్ బిగించుటకు రంధ్రములు గలదియు కొనుడు. దీపములకు, తాళమునకు, పంపునకు కొంత సొమ్ము ముందే తీసి ఉంచుడు.

పాత సైకిలైనచో అంగుళముల స్కేలు వెంట కొనిపొండు. గొలుసులో ఒక మేకు నుండి తరువాతి మేకునకు అర అంగుళము. కావున 24 ఎడములు సరిగా 12 అంగుళములు కావలెను. ఒక అంగుళములో ఎనిమిదవ వంతు హెచ్చినచో గొలుసు అరిగినది. పళ్లచక్రములు కూడ అరిగియుండవచ్చును. ఆ ఖర్చును ధరలో తగ్గించి బేరమాడుడు.

ఉపాధ్యాయులు ఈ కొలతను తరగతిలోనే చేయించవచ్చును. బడి ముందు నిలిపిన సైకిళ్ల పండ్లను విద్యార్థులు లెక్కించి, ఏ సైకిలు ఒక్క తొక్కుడుకు ఎంత దూరము పోవునో పట్టికగా వ్రాయవలెను. అట్లు వ్రాసిన విద్యార్థి దుకాణమున రంగును చూచి మోసపోడు.